ఒకే ప్లేటు, రెండు ల్యాబులు, రెండు కార్బన్లు: స్పెక్ట్రో రిపోర్టును ఎంతవరకు నమ్మాలి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి. మీది మడికొండ వైపు చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు. అణు విద్యుత్ కేంద్రానికి సామాను ఇచ్చే పెద్ద వెండరు ఒకరు మీకు 304ఎల్ (తక్కువ కార్బన్ ఉండే స్టెయిన్‌లెస్ స్టీలు) ప్లేటు పని ఇచ్చారు. కార్బన్ 0.030 శాతం దాటొద్దు, కోబాల్ట్ 0.05 శాతం దాటొద్దు, బోరాన్ ఎంతుందో రిపోర్టులో చూపించాలి అన్నారు. ఒకే ప్లేటులోంచి కోసిన రెండు ముక్కలను రెండు ల్యాబులకు ఇస్తే ఒకరు కార్బన్ 0.024 అన్నారు, ఇంకొకరు 0.041 అన్నారు. ఎవరిది నిజం? ఈ పనికి స్పెక్ట్రో (స్పార్కు కొట్టి, ఆ వెలుగును బట్టి లోహంలో ఏ మూలకం ఎంతుందో చెప్పే మిషను) సరిపోతుందా? సెకండ్ హ్యాండ్ మిషను ఒకటి కొనుక్కుంటే ఈ బాధ తప్పుతుందా? ఇవీ మూడు ప్రశ్నలు.

ముందు జవాబు, తర్వాత కారణాలు.

క్రోమియం, నికెల్, మాంగనీస్, మాలిబ్డినం, కోబాల్ట్: వీటికి స్పెక్ట్రో చాలు. 0.030 అంచున ఉన్న కార్బన్‌కు మాత్రం ఒక్క స్పెక్ట్రో రిపోర్టు చూసి ప్లేటును పాస్ చేయకండి, తిప్పి పంపకండి. తురుము తీసి కంబషన్ పద్ధతిలో (తురుమును ఆక్సిజన్‌లో కాల్చి, వచ్చే వాయువును బట్టి కార్బన్ కొలుస్తారు) చూపించండి. బోరాన్ సంగతి పరిమితి ఎంతో తెలిస్తే గానీ చెప్పలేం, కింద విడిగా రాస్తాను. మిషను ఇప్పుడే కొనొద్దు. రెండు అంకెల్లో నాకు 0.041 మీదే అనుమానం. ల్యాబులో స్పార్కు కొట్టించిన ఆ రెండు ముక్కలు మీ దగ్గరుంటే వాటిని పారేయకండి. రిపోర్టులో లేని సంగతి వాటి మీద ఉంటుంది.

నా సంగతి ఒక ముక్క. హైదరాబాద్‌లో ఒక ఫౌండ్రీ ల్యాబులో హెల్పరుగా చేరి అక్కడే పని నేర్చుకున్నాను. 16 ఏళ్లుగా వరంగల్లో టెస్టింగ్ ల్యాబు చూసుకుంటున్నాను. మా దగ్గరికొచ్చేదంతా ఈ చుట్టుపక్కల సరుకే: రైస్ మిల్లు పుల్లీలు, బోరు మోటారు షాఫ్టులు, బిల్డర్లు తెచ్చే టీఎంటీ కడ్డీలు, రామగుండం, చెల్పూరు వైపు షట్‌డౌన్ పనులు చేసే కాంట్రాక్టర్ల పైపు ముక్కలు. అణు కేంద్రానికి పోయే పని అడపాదడపా వస్తుంది. వచ్చినప్పుడల్లా కాగితాల బరువు ప్లేటు బరువును మించుతుంది.

మిషను చేసే పని చెప్పుకుంటే చిన్నదే. నున్నగా గ్రైండ్ చేసిన ముక్కను స్టాండు మీద బోర్లిస్తాం. దాని కింద మూడు నాలుగు మిల్లీమీటర్ల దూరంలో టంగ్‌స్టన్ ఎలక్ట్రోడు మొన ఉంటుంది. మధ్యలో ఉన్న గాలిని ఆర్గాన్ తోసేస్తుంది. అప్పుడు సెకనుకు కొన్ని వందల స్పార్కులు పడతాయి. పడ్డచోట లోహం ఆవిరవుతుంది, ఆ ఆవిరిలో ప్రతి మూలకం తనకే సొంతమైన కాంతితో వెలుగుతుంది. గ్రేటింగు ఆ కాంతిని గీతలు గీతలుగా విడదీస్తుంది. కార్బన్ గీత 193.09 నానోమీటర్ల దగ్గర, సల్ఫర్‌ది 180.73 దగ్గర, ఫాస్ఫరస్‌ది 178.28 దగ్గర. ఈ మూడూ కంటికి ఆనని అతినీలలోహిత కాంతి, పైగా 200 నానోమీటర్ల కింద గాలిలోని ఆక్సిజన్ ఆ కాంతిని మింగేస్తుంది. అందుకే ఆప్టిక్స్ ఉన్న గదిలో వాక్యూమ్ గానీ ఆర్గాన్ గానీ ఉంచుతారు. వాక్యూమ్ పంపు ముసలిదైతే ముందు చెడేవి ఈ మూడే. క్రోమియం, నికెల్ మాత్రం ఏమీ ఎరగనట్టు మంచిగానే చూపిస్తుంటాయి. చూసేవాళ్లు మోసపోయేది అక్కడే.

గీత ఎంత గట్టిగా వెలిగితే అంత శాతం అని కాదు. ఆ వెలుగును ఇనుము గీత వెలుగుతో భాగించి, ఆ నిష్పత్తిని స్టాండర్డు ముక్కలతో (శాతాలు ముందే తెలిసిన ముక్కలు) ముందే గీసి పెట్టుకున్న గ్రాఫు మీద చూసుకుంటే శాతం వస్తుంది. అంటే మిషను దేన్నీ తూచదు, పోల్చి చెప్తుంది అంతే. ఎలాంటి చెత్త ముక్క పెట్టినా ఏదో ఒక అంకె ఇస్తుంది. "నాకు తెలియలేదు" అని చెప్పే మిషను నేనింకా చూడలేదు.

కాబట్టి మా ల్యాబులో నియమం: స్క్రీను చూసే ముందు ముక్క తిప్పి మచ్చ చూడాలి. స్పార్కు పడ్డచోట ఐదారు మిల్లీమీటర్ల మచ్చ మిగులుతుంది. మంచి మచ్చ ఎట్లుంటుందంటే, మధ్యలో లోహం కరిగి గడ్డకట్టిన గరుకు బూడిద రంగు, చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి వలయం. వేలు పెడితే మధ్యలో చిన్న గుంట తెలుస్తుంది. చెడ్డ మచ్చ తెల్లగా, పాలిపోయి, అంచు లేకుండా పరుచుకొని ఉంటుంది. గుంట ఉండదు, గ్రైండింగు గీతలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. అంటే స్పార్కు లోహాన్ని తినలేదు, పైపైన నాకిందన్నమాట. ఆర్గాన్‌లో గాలో తేమో కలిసిందని అర్థం. శబ్దంలోనూ తేడా తెలుస్తుంది. మంచిది ఒకే శ్రుతిలో గుర్రుమంటుంది, చెడ్డది బుసకొట్టినట్టు ఉంటుంది. మా ల్యాబులో నాలుగేళ్లుగా చేస్తున్న అమ్మాయి పక్క గదిలో రిపోర్టు టైపు చేస్తూనే "సార్, అది తెల్లగొచ్చింది" అని అరుస్తుంది. లేచి చూస్తే తెల్లగానే ఉంటుంది.

తెల్ల మచ్చకు మా అనుభవంలో ఎక్కువసార్లు కారణం సిలిండరు. స్పెక్ట్రోకు 99.999 శాతం ఆర్గాన్ కావాలి. వెల్డింగుకు వాడే ఆర్గాన్ చవక, అదే సైజు సిలిండరు, కొన్నిసార్లు అదే ఆటోలో వస్తుంది. పొరపాటున బిగిస్తే ఆ రోజు గతి అంతే. ఇంకో కారణం, సిలిండరు నుంచి మిషనుకు రబ్బరు పైపు వేయడం. రబ్బరులోంచి తేమ లోపలికి దిగుతుంది, రాగి పైపో స్టీలు పైపో ఉండాలి. మూడోది సన్నటి ముక్క. స్టాండు రంధ్రాన్ని ముక్క పూర్తిగా మూయకపోతే పక్కనుంచి గాలి లోపలికి దూరుతుంది. 8 మిల్లీమీటర్ల కడ్డీని అడాప్టరు లేకుండా చేత్తో అదిమి పట్టుకొని కొట్టేవాళ్లను చూశాను.

ఇక మీ 0.041. మచ్చ తెల్లగా ఉంటే అంకెలు తక్కువగా గానీ, షాటుకు షాటుకు (స్పార్కు కొట్టి ఒకసారి కొలిస్తే ఒక షాటు) పొంతన లేకుండా గానీ వస్తాయి. కార్బన్ ఒక్కటే నిలకడగా పైకి పోయిందంటే నా అనుమానం ముక్క పైభాగం మీదకు పోతుంది. ఈ తప్పు నేనే చేశాను కాబట్టి చెప్తున్నాను.

పదేళ్ల కిందటి మాట. ఒక షట్‌డౌన్ కాంట్రాక్టరు 316ఎల్ ఫ్లాంజీలు 14 కొని, ఒకటి మా దగ్గరికి తెచ్చాడు. మాకు 0.038 కార్బన్ వచ్చింది. మూడు షాట్లు కొట్టాం, మూడూ దగ్గర దగ్గరే ఉన్నాయి, సంతకం పెట్టేశాను. ఆయన 14 ఫ్లాంజీలూ డీలరుకు తిప్పి కొట్టాడు. డీలరు ఊరుకుంటాడా, ఇంకోచోట చూపించాడు. 0.019 వచ్చింది. రెండు రిపోర్టులు టేబుల్ మీద పక్కపక్కన పెట్టి నన్ను కూర్చోబెట్టారు. అప్పటివరకు నేను కార్బన్ గడి తప్ప ఇంకోటి చూడలేదు. ఆ రోజు చూస్తే సిలికాన్ కూడా వాళ్లకంటే మాదే ఎక్కువ. మిగతావన్నీ ఒకటే. ల్యాబుకొచ్చి గ్రైండరు చూస్తే సంగతి బయటపడింది. ఆ వారం అల్యూమినా బెల్టులు అయిపోతే, కొత్తగా చేరిన పిల్లవాడు బజారులో దొరికిన సిలికాన్ కార్బైడు బెల్టు ఎక్కించాడు. దాని రేణువులు మెత్తటి స్టెయిన్‌లెస్‌లో గుచ్చుకొని ఉండిపోయాయి. సిలికానూ కార్బనూ రెండూ కలిసి పెరిగాయి. షాటు మొదట్లో మిషను కాసేపు ఊరికే కాల్చి పైపొరను కరిగిస్తుంది గానీ, లోపలికి దిగిన రేణువును అది కూడా తీసేయలేదు. ఆ పిల్లవాడి తప్పు కాదు, బెల్టు మార్చినప్పుడు స్టాండర్డు ముక్కను అదే బెల్టు మీద గ్రైండ్ చేసి కొట్టమని నేను చెప్పి ఉండాల్సింది. డీలరు రానుపోను రవాణా ఖర్చు నేనే కట్టాను.

అందుకే మీ రెండు రిపోర్టుల్లో ఇప్పుడే సిలికాన్ పోల్చి చూడండి. 0.041 ఇచ్చిన రిపోర్టులో సిలికాన్ కూడా ఎక్కువుంటే గ్రైండింగు బెల్టును అనుమానించొచ్చు. సిలికాన్ రెండింటిలో ఒకటే ఉండి కార్బన్ ఒక్కటే పెరిగితే నూనె, కటింగు కూలెంటు, లేదా వేలిముద్ర. నవ్వకండి. 0.02 శాతం కార్బన్ వెతుకుతున్నప్పుడు గ్రైండ్ చేసిన ముఖాన్ని బొటనవేలితో తుడిచి "మంచిగుంది" అంటే చాలు, చెడిపోవడానికి. ఇంకో దారి కూడా ఉంది: అంతకు ముందు పోత ఇనుము కొట్టి, ఎలక్ట్రోడును బ్రష్షుతో తుడవకుండా మీ ముక్క పెట్టి ఉంటారు. పోత ఇనుములో మూడున్నర శాతం కార్బన్ ఉంటుంది, దాని మసి కొంచెం మిగిలినా మొదటి షాటు పాడవుతుంది. మీ రిపోర్టులో సగటు ఒక్కటే ఇచ్చారా, షాట్లు విడివిడిగా ఇచ్చారా? విడిగా అడిగి తీసుకోండి. 0.068, 0.029, 0.026 అని ఉంటే సగటు 0.041 అవుతుంది, కథ అక్కడే అర్థమవుతుంది.

పోత ఇనుము మాట వచ్చింది కాబట్టి అది కూడా చెప్పేస్తాను, ఇక్కడ చాలామందికి పనికొస్తుంది. రైస్ మిల్లు పుల్లీలు పోసే ఒక ఫౌండ్రీ ఆయన పగిలిన పుల్లీ ముక్క తెచ్చి కొట్టించాడు. కార్బన్ 2.6, 3.9, 3.1 వచ్చింది. "సారూ, మూడు సార్లు కొట్టిండ్రు, మూడు తీర్ల చూపెట్టింది. మీ మిషన్ల ఏదో కరాబున్నది" అన్నాడు. మిషను బాగానే ఉంది. బూడిద పోత ఇనుములో కార్బన్ గ్రాఫైటు రేకులుగా విడిపోయి ఉంటుంది. స్పార్కు రేకు మీద పడితే ఒక తీరు, పక్కన పడితే ఇంకో తీరు. దీనికి మందు ముక్క తయారీలోనే ఉంది: లేడిల్లోంచి కరిగిన లోహాన్ని రాగి అచ్చులో నాణెంలా పోసి గబుక్కున చల్లార్చాలి. అప్పుడు గ్రాఫైటు ఏర్పడే సమయం దొరక్క కార్బన్ అంతా లోహంలోనే కలిసి ఉంటుంది. ఆ నాణెం విరిస్తే లోపల తెల్లగా మెరవాలి. బూడిదగా ఉంటే ఆ ముక్క కార్బన్‌కు పనికిరాదు, మళ్లీ పోయాలి. విరిచి చూసే ఈ అలవాటు ఎంత పాతదో! నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని చదువుతాం. ఆ కమ్మరులు కూడా ముక్క విరిచి గింజ చూసే ఉక్కు మంచిచెడ్డలు చెప్పి ఉంటారని నా నమ్మకం.

స్పెక్ట్రో దేనికి బంగారం లాంటిదో కూడా చెప్పాలి, లేకపోతే నేను దాన్ని తిడుతున్నానని అనుకుంటారు. ఒక పచ్చళ్ల యూనిట్ ఆయన 304 అని చెప్పి అమ్మిన ట్యాంకు ఆరు నెలల్లో తుప్పు చుక్కలు పెడుతోందని ముక్క తెచ్చాడు. అయస్కాంతం అంటలేదు, అసలైన స్టీలే అని షాపువాళ్లు వాదించారట. ఒక్క షాటులో తేలింది: నికెల్ ఒక శాతం చిల్లర, మాంగనీస్ తొమ్మిది పైన. 304లో నికెల్ కనీసం 8 ఉండాలి. నికెల్ తగ్గించి మాంగనీస్‌తో నింపిన రకాలకు కూడా అయస్కాంతం అంటదు, అయస్కాంతం పరీక్షకు అక్కడ విలువ లేదు. తుక్కు షాపుల్లో వాడే ఎక్స్‌రే గన్ను కూడా ఈ సంగతి పట్టేస్తుంది. కానీ గన్ను కార్బన్ చూడలేదు, బోరాన్ చూడలేదు. 304కు, 304ఎల్‌కు తేడా కార్బన్ దగ్గరే కాబట్టి మీ పనికి గన్ను కుదరదు.

ఇక మీ వెండరు కోబాల్ట్ ఎందుకు అడుగుతున్నాడో చూద్దాం. స్టీలు బలానికి దాంతో సంబంధం లేదు. రియాక్టరు దగ్గర మామూలు కోబాల్ట్-59 ఒక న్యూట్రాన్‌ను మింగితే కోబాల్ట్-60 అవుతుంది. దాని అర్ధాయుష్షు 5.27 ఏళ్లు, 1.17, 1.33 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు రెండు వదులుతుంది. ప్లేటు రియాక్టరు గుండెలో లేకపోయినా ముప్పే. నీళ్లు తగిలే లోహం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా అరుగుతుంది, ఆ అరుగు నీళ్లతో పాటు తిరిగి గుండెలోకి పోయి, అక్కడ రేడియోధార్మికంగా మారి, మళ్లీ వచ్చి ఏ వాల్వులోనో పైపు వంపులోనో పేరుకుంటుంది. షట్‌డౌన్‌లో అక్కడ పని చేసే ఫిట్టరుకు తగిలే డోసు అదే. స్టెయిన్‌లెస్‌లోకి కోబాల్ట్ ఎవరూ కావాలని కలపరు, నికెల్ వెంట వస్తుంది. ఖనిజంలో ఆ రెండూ అన్నదమ్ముల్లా కలిసే ఉంటాయి. అందుకే మామూలు బజారు 304లో కోబాల్ట్ 0.1, 0.2 శాతం కనపడినా ఆశ్చర్యం లేదు, ఇళ్లకూ పాల ట్యాంకులకూ దాంతో ఏ నష్టమూ లేదు.

0.05 శాతం కోబాల్ట్‌ను స్పెక్ట్రో హాయిగా చూస్తుంది. కానీ ల్యాబును రెండు ప్రశ్నలు అడగండి. ఒకటి, స్టెయిన్‌లెస్ ప్రోగ్రాంలో కోబాల్ట్ గ్రాఫు ఎంత నుంచి ఎంత వరకు ఉంది? 0.1 పైనే మొదలైతే 0.04 అని ఇచ్చిన అంకె గ్రాఫు బయట ఊహించినది. రెండు, మీ ముక్కకు ముందూ వెనకా 0.05కు అటూ ఇటూ కోబాల్ట్ ఉన్న స్టెయిన్‌లెస్ స్టాండర్డు కొట్టారా? కార్బన్ స్టీలు స్టాండర్డు చూపిస్తే ఒప్పుకోకండి. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న లోహంలో చుట్టుపక్కల గీతలు వేరు, అవి కోబాల్ట్ గీత మీద పడి అంకెను పెంచుతాయి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందని చెప్తే సరిపోదు, వాళ్ల స్కోపు కాగితంలో (ఏయే కొలతలకు గుర్తింపు ఉందో రాసిన పత్రం) స్టెయిన్‌లెస్ కింద కోబాల్ట్ పేరు, రేంజి ఉన్నాయో లేదో చూడండి. చాలా ల్యాబుల స్కోపులో కార్బన్, సిలికాన్, మాంగనీస్ ఇట్లా మామూలువే ఉంటాయి. లేని మూలకాన్ని రిపోర్టు చేసినా అది గుర్తింపు కిందికి రాదు. మీ వెండరు ఇన్‌స్పెక్టరు మొదట అడిగేది అదే.

ఇక్కడ ఒక పక్కమాట. స్పెక్ట్రోకు కోబాల్ట్ అంటే కోబాల్టే, 59 ఏదో 60 ఏదో దానికి తెలీదు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్లో కోబాల్ట్-60 మూలాన్ని తెలియక విప్పి, రేడియేషన్‌కు ఒకరు చనిపోయారు. తుక్కుతో పనిచేసేవాళ్లు స్పెక్ట్రో రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండకూడదు, దానికి సర్వే మీటరు (రేడియేషన్ కొలిచే పరికరం) వేరే ఉండాలి.

బోరాన్. సహజ బోరాన్‌లో సుమారు 20 శాతం బోరాన్-10. నెమ్మదిగా కదిలే న్యూట్రాన్‌ను పట్టుకోవడంలో దాని ఆకలి 3,840 బార్న్‌లు, ఇనుముకు రెండున్నర బార్న్‌లు (ఆ ఆకలిని కొలిచే యూనిట్ పేరే బార్న్). మింగాక అది లిథియంగా, హీలియంగా చీలుతుంది, ఆ హీలియం లోహం రేణువుల సందుల్లో చేరి స్టీలును పెళుసు చేస్తుంది. కొలవడంలో చిక్కు వేరే ఉంది. బోరాన్‌కు మంచి గీత 249.77 నానోమీటర్ల దగ్గర ఉంది, కానీ పక్కనే 249.78 దగ్గర ఇనుము గీత కూర్చుని ఉంది. స్టీలులో ఇనుమే ఎక్కువ కాబట్టి ఆ గీతతో తక్కువ బోరాన్‌ను నమ్మలేం. అందుకని స్టీలుకు 182.6 దగ్గరి గీత వాడతారు, దానికి మళ్లీ మంచి వాక్యూమ్ కావాలి. మంచి మిషను, సరైన స్టాండర్డు ఉంటే పది పీపీఎం (పది లక్షల వంతుల్లో పది) చుట్టుపక్కల బోరాన్ నేను ధైర్యంగా సంతకం పెట్టి ఇస్తాను. ఒక పీపీఎం అంటే ఐసీపీ (లోహాన్ని ద్రావణంగా చేసి, ప్లాస్మాలో పెట్టి కొలిచే మిషను) ఉన్న ల్యాబుకు పంపుతాను. మీ వెండరు "ఎంతుందో చూపించండి" అన్నాడే గానీ పరిమితి రాయలేదు, ముందు ఆ పరిమితి రాతలో తెప్పించుకోండి.

మీరు చివర్లో "మరి రియాక్టరులో వాడే జిర్కోనియం కూడా మీ దగ్గర చేస్తారా" అని అడిగారు. చేయం, చేయలేం. హైదరాబాద్‌లో 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో ఇంధనం నింపే గొట్టాలు జిర్కోనియం మిశ్రమంతో చేస్తారు. ఎందుకంటే దానికి న్యూట్రాన్ ఆకలి దాదాపు లేదు, 0.18 బార్న్. కానీ ఖనిజంలో దాని వెంట ఒకటి నుంచి మూడు శాతం హాఫ్నియం వస్తుంది, దాని ఆకలి 104 బార్న్‌లు. ఐదొందల రెట్లు పైనే. రెండూ రసాయనంగా కవలలు, విడదీయడమే పెద్ద పని. విడదీశాక హాఫ్నియం 100 పీపీఎం దాటొద్దు, బోరాన్, కాడ్మియం చెరి అర పీపీఎం దాటొద్దు. ఇక్కడ మా స్టీలు మిషను చూపే అంకెకు అర్థమే ఉండదు. హైడ్రోజన్ 25 పీపీఎం దాటొద్దు, దాన్ని స్పార్కు అసలే చెప్పలేదు, ముక్కను కరిగించి వచ్చే వాయువును కొలవాలి. పైగా జిర్కోనియం తురుము, పొడి ఇట్టే అంటుకుంటాయి. ఎవరైనా "టైటానియమో ఏదో" అని తెస్తే, గ్రైండరు దగ్గర కళ్లు చెదిరే తెల్లటి రవ్వలు లేస్తే, వెంటనే ఆపండి. డస్టు బ్యాగులో అంతకు ముందటి పొడి ఉంటే అదే మంట. ఆ మంట మీద నీళ్లు పోయకూడదు, పొడి ఇసుక కప్పాలి.

యురేనియం ఇంకా గమ్మత్తు. దాని వర్ణపటంలో గీతలు వేలకు వేలు, మిగతా మూలకాల గీతలు ఆ అడవిలో కనపడవు. 1946లో స్క్రిబ్నర్, ముల్లిన్ అనే ఇద్దరు అమెరికన్లు ప్రచురించిన ఉపాయం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. యురేనియంను ఆక్సైడుగా మార్చి, రెండు శాతం గాలియం ఆక్సైడు కలిపి, గ్రాఫైటు గిన్నెలో పెట్టి ఆర్క్ వెలిగిస్తారు. గాలియం ఆవిరవుతూ బోరాన్, కాడ్మియం లాంటి మలినాలను వెంట తీసుకుపోతుంది, బరువైన యురేనియం ఆక్సైడు గిన్నెలోనే ఉండిపోతుంది. గీతల అడవి లేవకముందే కొలత అయిపోతుంది. అది ఆర్క్, స్పార్కు కాదు. స్పార్కుతో కూడా ఆ రోజుల్లో ఒక పద్ధతి ఉండేది, ద్రావణం చుక్కను రాగి ఎలక్ట్రోడు మొన మీద ఆరబెట్టి కొట్టేవారు.

మిషను కొనడం గురించి కొంచెమే చెప్తాను. పాత మిషన్లలో ప్రతి మూలకానికీ ఒక స్థిరమైన ఛానెల్, దాని వెనక ఒక ఫోటోమల్టిప్లయరు ట్యూబు (కాంతిని కరెంటుగా మార్చే గొట్టం) ఉంటాయి. కోబాల్ట్ ఛానెల్ లేని మిషనుకు సాఫ్ట్‌వేర్‌తో కోబాల్ట్ రాదు. కొత్తవాటిలో సీసీడీలు (కెమెరాలో ఉండేలాంటి కాంతిని పట్టే చిప్పులు) ఉంటాయి, కొంత వెసులుబాటు. కానీ అసలు ఖర్చు తర్వాత మొదలవుతుంది: స్టాండర్డు ముక్కలు, ఎప్పుడూ అయిపోయే ఆర్గాన్, ఆగకుండా నడిచే ఏసీ. మన దగ్గర మే నెలలో కరెంటు పోయి ఆప్టిక్స్ వేడి అటూ ఇటూ అయిందంటే గీతలు స్థానం జరుగుతాయి. కరెంటు వచ్చాక మేం మూడు గంటలు ఆగి, స్టాండర్డు కొట్టి, సరిపోతేనే పని మొదలుపెడతాం. ఆ మూడు గంటలు కస్టమర్లు బయట తిడుతుంటారు. నెలకు నాలుగు ముక్కలున్న షాపుకు ఈ గొడవ ఎందుకు?

ఇప్పుడు మీ ప్లేటు. ప్లాస్మాతో కోసిన అంచు నుంచి కనీసం 25 మిల్లీమీటర్లు లోపలికి వచ్చి, 40 బై 40 ముక్కలు రెండు రంపంతో కోయించండి. ఒకటి స్పెక్ట్రోకు: అల్యూమినా లేదా జిర్కోనియా 60 గ్రిట్ బెల్టు, వేరే వేరే చోట్ల కనీసం మూడు షాట్లు, ప్రతి షాటు అంకె విడిగా రిపోర్టులో ఉండాలి అని రాసివ్వండి. రెండోది కంబషన్‌కు: ముందు అసిటోన్‌తో తుడిచి, నూనె, నీళ్లు లేకుండా నెమ్మదిగా డ్రిల్ చేయించి పది గ్రాముల తురుము శుభ్రమైన గాజు సీసాలో పట్టండి. తురుము నీలంగా మారితే బిట్టు వేడెక్కినట్టే, అది పారేసి మళ్లీ తీయండి. కంబషన్‌లో 0.024 పక్కన వస్తే మీ ప్లేటు మంచిదే. 0.029, 0.031 ఇట్లా అంచున వస్తే ల్యాబు అనిశ్చితి ఎంత రాసిందో చూపించి వెండరుతోనే మాట్లాడండి, ఆ నిర్ణయం ల్యాబుదీ కాదు, మీదీ కాదు. ప్లేటు మీద కొట్టిన హీట్ నంబరు (ఒక విడతలో కరిగించిన లోహానికి మిల్లు ఇచ్చే నంబరు), మిల్లు సర్టిఫికెట్టులో ఉన్న హీట్ నంబరు ఒకటేనా అన్నది కూడా ఈలోపు చూసుకోండి. నేను చూసిన కార్బన్ గొడవల్లో రెండు మూడు అసలు ప్లేటే వేరని తేలి ముగిశాయి.

ముక్కల మీద హీట్ నంబరు పెయింటుతో రాయకండి, పంచ్‌తో కొట్టండి. అదీ ఒకవైపే. రెండో వైపు మాకు కావాలి.